ఆమె ఇంటిపేరే చిందు!

కొత్త గాయని అనగానే మనకి పాతికేళ్ల అమ్మాయే గుర్తొస్తుంది కదూ! నాకు మాత్రం ఎనభై ఐదేళ్ల వయసులో ప్రభుత్వ పురస్కారం అందుకున్న ఓ పెద్దమ్మ గుర్తొస్తుంది. ఆమే చిందుల ఎల్లమ్మ. ఆడిన ఆటే ఆమెకు ఇంటిపేరైంది.

ఎల్లమ్మ 1914లో పుట్టింది. బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో ఉండేది. మా ముత్యంపేట నుంచి ఆర్మూరు, నిజామాబాద్ దాటి వెళ్లాలి. మా దిక్కులాగే అదీ చెరకు నేల.

దళితుల్లోని చిందు కులంవాళ్లు తరతరాలుగా ఆడుతున్న యక్షగానమే చిందు భాగవతం. మాదిగవాడలే వాళ్లకి ఆధారం. అక్కడ జాంబపురాణం చెప్పడం వాళ్ల హక్కు. పంటలు ఇళ్లకి చేరాక మేళం ఊరూరా తిరిగేది. జనం ఇచ్చే గింజలు, పాతబట్టలు, నాలుగు పైసలు... అదే సంపాదన.

కరెంటు లేని ఆ రోజుల్లో ఆట ఎలా ఉండేదో ఊహించండి. చుట్టూ చిమ్మచీకటి, నడుమ కాగడాల వెలుగు. ముఖాలకి పసుప్పచ్చటి అర్దళం. పొణికి చెక్కతో చేసి అద్దాలు అతికించిన కిరీటాలు, భుజకీర్తులు. మద్దెల మోత, గజ్జెల చప్పుడు, వాడ చివరిదాకా వినపడే గొంతు. మైకులేమీ ఉండేవి కావు!

వెనకటి కూచిపూడి మేళాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు. చిందులో అలా కాదు, ఆడవాళ్లే గజ్జె కడతారు. ఎల్లమ్మా పసితనంలోనే గజ్జె కట్టింది. ఆటే ఆమెకు బడి.

చిందు ఆడవాళ్లు కట్టే వేషాల్లో ఎల్లమ్మ దేవత వేషం ముఖ్యమైంది. జమదగ్ని అనుమానించి ఆజ్ఞ ఇస్తే, కన్నకొడుకు పరశురాముడే రేణుక తల నరికిన కథ అది. ఏ తల్లి గుండె తరుక్కుపోదు? ఆ వేషంలో ఉన్నంతసేపూ ఊరు చేతులెత్తి మొక్కుతుంది. అర్దళం కడిగేశాక అదే మనిషిని దూరంగా నిలబెడుతుంది. చిందు ఆడవాళ్లు మోసిన బరువు వేషంది కాదు, ఇదిగో ఇదీ!

పేరిణికి మళ్లీ ప్రాణం పోసిన నటరాజ రామకృష్ణ వంటివాళ్లు చిందు మేళాలను పట్టించుకున్నాక పట్నానికి ఎల్లమ్మ తెలిసింది. 1999లో రాష్ట్ర ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. 2005 నవంబరులో, తొంభై దాటాక, ఆమె కన్నుమూసింది.

ఆ పురస్కారం కోసం ఎల్లమ్మ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు. పాటా అదే, చిందూ అదే. చూసే కళ్లు రావడానికే అన్నేళ్లు పట్టింది. మా వైపు మేళం దిగితే చిందోళ్లు వచ్చిండ్రు అంటారే గానీ, ఫలానా ఆమె పాడుతుందట అనగా నేను వినలేదు. పేరు తెలియని గొంతుని గుర్తుపెట్టుకునేదెవరు? సన్మానానికి పిలిచేదెవరు?

ఈసారి మీ ఊళ్లో చిందు మేళం ఆడితే, పొద్దుపోయిందని మధ్యలో లేచి రాకండి. ఆట అయ్యాక వేషం కట్టినామె దగ్గరకెళ్లి పేరు అడగండి. ఒప్పుకుంటే సెల్‌ఫోన్లో ఓ పాట రికార్డు చేసుకోండి. ఇవ్వగలిగింది ఆమె చేతిలోనే పెట్టండి. ఇంటికొచ్చాక ఆ పేరు మీ పిల్లలకీ చెప్పండి.