వీరాస్వామయ్య గారి వంద మంది ట్రిప్పు

1830 మే 18, మంగళవారం. రాత్రి తొమ్మిది గంటలకి మద్రాసు నుంచి ఒక పెద్ద గుంపు బయల్దేరింది. ఇంటివాళ్లు, పనివాళ్లు, పల్లకీ మోసే బోయీలు, అందరూ కలిపి దాదాపు వంద మంది. పన్నెండు గంటలకి మాధవరం చేరారు. చెన్నై వెళ్లే మన నెల్లూరు బస్సులు ఇప్పుడు ఆగే మాధవరమే అది. బస్సు దిగి సిటీలోకి ఆటో బేరమాడే చోటికి వాళ్లకి మూడు గంటలు పట్టింది. వాళ్లు వెళ్లాల్సిందేమో కాశీకి.

ఆ గుంపుకి పెద్ద ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన 1780 ప్రాంతంలో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు ధారాళంగా చదివేవారు. మనలాగా ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం కాదు. మెకాలే చదువులు రావడానికి ఇంకా నలభై ఏళ్లకి పైగా టైముంది. తండ్రి లేని ఇంట్లో అది సంపాదన దారి, అంతే. చిన్న ఉద్యోగాలతో మొదలుపెట్టి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. సుప్రీంకోర్టు అంటే ఢిల్లీది కాదు, కంపెనీ వాళ్ల రోజుల్లో మద్రాసుకే ఒక సుప్రీంకోర్టు ఉండేది. జడ్జికి ఇంగ్లీషే వచ్చు, సాక్షికి తెలుగో అరవమో వచ్చు. మధ్యలో ఈయన నిలబడాలి. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఎవరి ఆస్తో, ఎవరి ప్రాణమో పోతుంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి అర్థమయ్యేలా, ఏమీ కలపకుండా, ఏమీ మింగేయకుండా చెప్పడం ఆయన రోజూ చేసే పని. ఆయన రాసిన యాత్ర కూడా అలాగే ఉంటుందని నాకనిపిస్తుంది.

యాభై ఏళ్ల వయసులో, పెద్ద ఉద్యోగంలో ఉండగా, ఆయన కాశీ యాత్రకి బయల్దేరారు. ఆ రోజుల్లో కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవాళ్లు. అది ఊరికే పుట్టిన సామెత కాదు. రైలు లేదు, కృష్ణ మీద వంతెన లేదు. ఎండాకాలం దారుల్లో కలరా. అంతకు మూడేళ్ల కిందటే, 1827లో, మద్రాసు గవర్నర్ థామస్ మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. డాక్టర్లూ డేరాలూ అన్నీ ఉన్న గవర్నర్‌కే దిక్కులేకపోతే మామూలు యాత్రికుల సంగతి చెప్పేదేముంది.

మన్రో అంటే ఇంకో మన్రో గుర్తొచ్చాడు. స్కాట్లాండ్ కొండల్లో గైడ్‌ని పెట్టుకుని పది మంది గుంపుగా వారం రోజులు నడిచే హాలిడేలు ఉంటాయి కదా, రీల్స్‌లో చూసే ఉంటారు. అక్కడ మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలు అంటారు. 1891లో వాటి జాబితా తయారు చేసిన హ్యూ మన్రో పేరు మీద వచ్చిన మాట అది (గవర్నర్ మన్రో కూడా స్కాట్లాండ్ వాడే, కానీ మనిషి వేరు). హ్యూ మన్రో తన జాబితాలో ఉన్న కొండలన్నీ ఎక్కడం పూర్తి కాకుండానే 1919లో పోయాడు. అయినా ఇప్పటికీ జనం ఆ జాబితా పట్టుకునే నడుస్తున్నారు. ముందు వెళ్లినవాడు రాసిపెడితే వెనక వచ్చేవాడికి దారి దొరుకుతుంది. వీరాస్వామయ్య గారు ఆ పని అంతకు అరవై ఏళ్ల ముందే తెలుగులో చేశారు. అదీ కొండలకి మాత్రమే కాదు, మద్రాసు నుంచి కాశీ దాకా, మళ్లీ వెనక్కి.

ఆయన రాసిన పద్ధతి చూడండి. ప్రతి మజిలీకీ ఊరి పేరు, ఎన్ని ఆమడల దూరం, దారి రాళ్లదా, ఇసుకదా, అడివా. దిగడానికి సత్రం ఉందా, నీళ్లు ఎలా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతాయి. మనం కోడ్ రాసి రీడ్‌మీ రాయడానికి బద్ధకిస్తాం. ఈయన రోజంతా ప్రయాణం చేసి, వంద మందికి వసతీ తిండీ చూసుకుని, ఆ తర్వాత కూర్చుని రాసేవారు. రాసింది ఉత్తరాలుగా. మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి పంపేవారు. ఉత్తరాలు కాబట్టే భాష కూడా మాట్లాడినట్టు ఉంటుంది. గ్రాంథికమే అసలు తెలుగు అనుకునే కాలంలో మధ్యమధ్య ఉర్దూ, అరవం, ఇంగ్లీషు మాటలు కలిసిపోయిన తెలుగు. గిడుగు రామమూర్తి గారు పుట్టడానికి ఇంకా ముప్పై మూడేళ్లుంది.

దారి తిరుపతి, కడప, అహోబిలం మీదుగా నల్లమలకి చేరింది. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఈ ట్రిప్పులో అసలైన కొండ నడక ఇదే. ఇప్పుడు మనం దోర్నాల నుంచి ఘాట్ రోడ్డులో బస్సెక్కి, రెండు సార్లు వాంతి చేసుకుని శ్రీశైలంలో దిగుతాం. అప్పటి దారి ఆత్మకూరు వైపు నుంచి. అడివిలోకి దిగి నాగలూటి, అక్కడ్నుంచి పెద్దచెరువు, ఆ తర్వాత భీముని కొలను. భీముని కొలను దగ్గర లోయలోకి నిట్టనిలువుగా దిగి, మళ్లీ అటువైపు అంతా ఎక్కాలి. పైకి వస్తే కైలాసద్వారం. ఈ కొండకి మెట్లు కట్టించింది పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి వేల మంది కన్నడ భక్తులు ఆ దారినే నడిచి వస్తారు.

అడివిలో దారి తెలిసినవాళ్లు చెంచులు. యాత్రికులని క్షేమంగా దాటించడం, అందుకు రుసుము తీసుకోవడం వాళ్లకి ఎప్పట్నుంచో ఉన్న హక్కు. స్కాట్లాండ్‌లో అయితే గైడ్‌కి సర్టిఫికెట్ ఉంటుంది. ఇక్కడ గైడ్ పుట్టి పెరిగిన ఇల్లే ఆ అడివి. డబ్బు కట్టాల్సింది చెంచులకి మాత్రమే కాదు. శ్రీశైలం అప్పుడు కందనూరు నవాబు కింద ఉండేది, యాత్రికుల మీద పన్ను ఉండేది. తిరుమలలో అదే పని కంపెనీ వాళ్లు చేసేవాళ్లు. దేవుడెవరైనా కౌంటర్ మాత్రం ఉండేది.

ఇక్కడ ఒక సంగతి దాటేస్తే బాగుండదు. వీరాస్వామయ్య గారు పల్లకీలో ప్రయాణం చేశారు. కాశీ దాకా నడిచింది ఎక్కువగా ఆయన బోయీలు. ఎండలో, వానలో, ఆ రాళ్ల మీద, భుజం మీద బరువుతో. కాశీ పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో గానీ, కాళ్లు బొబ్బలెక్కింది వాళ్లకి. చరిత్రలో మిగిలిన పేరు మాత్రం ఆయనది. ఆయన్ని తక్కువ చెయ్యడానికి ఇది చెప్పట్లేదు. ఆ కాలంలో అంత ఉద్యోగం ఉన్న మనిషి పల్లకీ ఎక్కడం మామూలే. కానీ కాశీయాత్ర చేసిన మహనీయుడు అని మనం పొగిడేటప్పుడు ఆ వంద మందిలో మిగతావాళ్లు ఎక్కడికి పోతున్నారో ఒకసారి చూసుకోవాలి.

శ్రీశైలం తర్వాత కృష్ణ దాటి నిజాం రాజ్యం. హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్. జబల్‌పూర్ చుట్టుపక్కల అదే రోజుల్లో స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి, బాటసారుల గొంతుకి గుడ్డ బిగించి చంపే థగ్గుల్ని వెతికి పట్టుకుంటున్నాడు. థగ్గులు ముందు మంచిగా పరిచయం చేసుకుని గుంపులో కలిసిపోయేవాళ్లు. కాబట్టి వంద మందితో వెళ్లడం ఆడంబరం అనుకోకండి, అది సెక్యూరిటీ. అక్కడ్నుంచి ప్రయాగ, కాశీ. తిరుగు దారి గయ, కలకత్తా, పూరీ మీదుగా. వెళ్లిన దారినే వెనక్కి రాకుండా సముద్రం పక్క దారి పట్టారు. అలా మన కోస్తా అంతా చూశారు.

సింహాచలం, రాజమహేంద్రవరం, మచిలీపట్నం, చివరికి నెల్లూరు. గోదావరి మీద కాటన్ ఆనకట్ట ఇంకా లేదు, వాన పడితేనే పంట. 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. వెళ్లి రావడానికి మొత్తం 473 రోజులు.

ఆయన వచ్చిన దారికి తర్వాత ఏమైందో తెలిస్తే ఆ చివరి మజిలీలు ఇంకోలా కనిపిస్తాయి. 1832, 1833ల్లో నందన కరువు వచ్చింది. డొక్కల కరువు అని కూడా అంటారు. గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయినంత పని అయింది. బతికున్నవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నెల్లూరు మీదుగా మద్రాసు దారి పట్టారు. ఎంతో మంది ఆ దారి పక్కనే పడిపోయారు. ముత్తుకూరు నుంచి నెల్లూరుకి బస్సులో గంట కూడా పట్టదు, అక్కడ హైవే ఎక్కితే దాదాపు అదే దారి. వీరాస్వామయ్య గారు రాసిన ఊళ్లు కరువు ముందు ఊళ్లు. అంగట్లో సరుకులు ఉన్నాయని ఆయన ఒక ఊరి గురించి రాస్తే, రెండేళ్ల తర్వాత అక్కడ అంగడే ఉందో లేదో.

తిరిగొచ్చాక మళ్లీ కోర్టు ఉద్యోగం చేశారు. 1836 అక్టోబరు 3న కన్నుమూశారు. తన ఉత్తరాలు పుస్తకం అవడం ఆయన చూడలేదు. శ్రీనివాసపిళ్ల వాటిని జాగ్రత్తగా దాచి, 1838లో కాశీయాత్ర చరిత్ర అని అచ్చు వేయించారు. 1869లో మళ్లీ వేశారు. ఆ తర్వాత దాదాపు మరుగున పడిన పుస్తకాన్ని 1941లో విజయవాడ లాయరు దిగవల్లి వేంకటశివరావు గారు వివరాలు చేర్చి బయటికి తెచ్చారు. ఇప్పుడు మనం చదివేది ఎక్కువగా ఆయన పుణ్యమే.

మొదట కొన్నవాళ్లకి మాత్రం అది సాహిత్యం అయ్యుండదు. విజయవాడ నుంచి నెల్లూరు మీదుగా మద్రాసుకి రైలు 1899లో వచ్చింది. అప్పటిదాకా ఈ దారిన వెళ్లాలంటే ఏ ఊళ్లో సత్రం ఉందో, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయో ఎవరో ఒకరు చెప్పాల్సిందే.