ఎస్.పి. రాజు

ఎస్.పి. రాజు ఇంజనీరు, జలప్రవాహ శాస్త్ర పరిశోధకుడు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి సంచాలకుడుగా పనిచేశాడు. మట్టితో కట్టుకోదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో ఆ విషయంపై స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్ అనే ఆంగ్ల గ్రంథాన్ని వెలువరించాడు. పరిశోధనాలయపు ఆంగ్ల పొడి అక్షరాలతో ఆ పొయ్యికి హెర్ల్ చూలా అనే పేరు వచ్చింది.

జలప్రవాహ పరిశోధన

వంపు తిరిగిన కాలువల్లో నీటికి కలిగే నిరోధంపై రాజు జర్మనీలోని మ్యూనిక్‌లో ప్రయోగాలు చేశాడు. ఫలితాలు 1933లో జర్మన్ భాషలో వెలువడ్డాయి. పొగ కూడా ప్రవాహమే. దాని దారిలో అనవసరపు మలుపులుంటే వెనక్కు తన్నుతుంది. అయినా కాలువల ఇంజనీరు ఒకరు వంటింటి పొయ్యిని పరిశోధనకు తగిన విషయంగా స్వీకరించడం ఆ రోజుల్లో అరుదు.

పొగలేని పొయ్యి

వార్ధాలోని మగన్‌వాడీలో 1947లోనే మగన్ చూలా తయారయింది. రాజు ఈ కృషిని ముందుకు తీసుకువెళ్ళాడు. మామూలు పొయ్యిలో మంట వేడి చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ఈ పొయ్యిలో ఒకే మంట వరుసగా పలు గిన్నెల కింద సాగి, చివరకు గొట్టం ద్వారా బయటికి పోతుంది. మొదటి గిన్నెలో అన్నం ఉడుకుతుండగా, వెనుక గిన్నెలో నీళ్ళు కాగుతాయి. పొగదారిలో అమర్చిన రేకు పలకను జరిపి గాలి లాగుడును అదుపు చేయవచ్చు. లాగుడు మితిమీరితే వేడి గొట్టం పాలవుతుంది, చాలకపోతే పొగ ఇంట్లోకి వస్తుంది.

పొగ, మసి, ఉక్క, వృథా, అగ్నిభయం అనే ఐదింటినుండి గృహిణికి విముక్తి కలిగించడం రాజు చెప్పిన ఆశయం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో స్వేచ్ఛను వంటింటి దాకా తెచ్చిన ఆలోచన ఇది.

కృష్ణా డెల్టా వంటి ప్రాంతాలను గమనిస్తే ఈ జాబితా ఎంత ఆచరణాత్మకమైనదో తెలుస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ పరిసరాల్లో అడవులు లేవు. దివిసీమ అంచున ఉన్నవి మడ అడవులు మాత్రమే. పిడకలు, తాటిమట్టలు, సరుగుడు కట్టెలు, ఊక అక్కడి వంటచెరకు. తాటాకు ఇళ్ళలో ఒక్క నిప్పురవ్వ వరుస ఇళ్ళను కాల్చివేయగలదు. అయితే అటువంటి ఇంట్లో పొగ గొట్టాన్ని ఆకు తగలకుండా గోడలోంచి తీయవలసి ఉంటుంది. లేకపోతే రక్షణకు పెట్టినదే ప్రమాదమవుతుంది.

పరిమితులు

గిన్నె అడుగు పొయ్యి కన్నానికి సరిపోకపోతే సందుల్లోంచి పొగ వస్తుంది. గొట్టంలో పేరుకున్న మసిని తరచు తీయాలి. దళసరి మట్టి గోడలు కొంత వేడిని తామే పీల్చుకుంటాయి. ఇటువంటి పొయ్యిలలో కట్టెల ఆదా ఆశించినంత లేదని తరువాతి పరీక్షల్లో తేలింది. పొగను బయటికి పంపడంలో మాత్రం గొట్టం మేలు కాదనలేనిది.

1980లలో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో కూడా గొట్టం గల మట్టి పొయ్యిలకు ప్రాధాన్యం లభించింది. ఆ కార్యక్రమం 2002లో ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే, 1999లో, దీపం పథకం ద్వారా పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయింది.