తీగలేని శక్తి: ఆచార్య జగదీశచంద్ర బోసు

2024 సంక్రాంతికి సికింద్రాబాదు పరేడు మైదానమున అంతర్జాతీయ గాలిపటముల ఉత్సవము జరిగెను. గాలిపటమునకు దారము ఆధారము. మనిషి లేకయే ఎగురు డ్రోనునకు బ్యాటరీ ఆధారము. చిన్న డ్రోనులలో సాధారణముగా అది అరగంటకే తీరిపోవును. నేలనుండి తీగ లేకుండ శక్తిని పంపి డ్రోనును నింగిని నిలుపవలెనని శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. ఈ యత్నమునకు మూలమైన విద్యను తొలుత సాధించినవారిలో మన దేశీయుడొకడు గలడని పాఠకులకు జ్ఞప్తి చేయదలచితిమి.

జగదీశచంద్ర బోసు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించెను. తండ్రి సర్కారు కొలువులో నుండియు కుమారుని మొదట వంగభాషా పాఠశాలకే పంపెను. కేంబ్రిడ్జిలో చదివి వచ్చి 1885లో ఆయన కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడాయెను. తెల్లవారికిచ్చు జీతము భారతీయునకు ఈయమనగా, మూడేండ్లు జీతమే ముట్టక పాఠములు చెప్పెను. తుదకు దొరతనమువారే దిగివచ్చి బాకీతో సహా పూర్తి జీతము చెల్లించిరి.

1895లో కలకత్తా టౌనుహాలునందు ఆయన పంపిన విద్యుత్తరంగములు గోడలు దాటి గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేల్చెను. యథార్థము చెప్పవలెనన్న, తరంగములు చేసినది సంకేతము మాత్రమే. గంటను మ్రోగించిన బలము అచ్చటి బ్యాటరీదే. అయినను ఆయన అయిదు మిల్లీమీటర్లంత కురుచ తరంగములను పుట్టించి, గరాటువంటి గొట్టములతో ఒక దిక్కునకు నడపెను. తరంగము కురుచయైనకొలది చిన్న పరికరముతోనే దానిని సన్నని ధారగా పంపవచ్చును. ధార చెదరెనా, శక్తి గురికి చేరదు. 1964లో అమెరికాలో విలియం బ్రౌను పండ్రెండు సెంటీమీటర్ల తరంగధారతో చిన్న హెలికాప్టరును పది గంటలు గాలిలో నిలిపెను. ప్రక్కకు తొలగకుండ దానికి దారములు కట్టిరి గాని, ఎగిరించిన శక్తి మాత్రము తరంగములదే.

తన విద్యను సొమ్ము చేసికొనుట బోసునకు ఇష్టము లేకుండెను. మిత్రుల బలవంతమున 1904లో అమెరికా పేటెంటొకటి లభించినను దానివలన ధనమార్జింపలేదు. 1917లో విజ్ఞానమందిరమును స్థాపించి జాతికి అంకితమొనర్చి, 1937 నవంబరు 23వ తేదీన గిరిడిలో దివంగతుడాయెను.

ఆయన దాతృత్వమును మేము తప్పుపట్టము. ఆ విద్యను అందుకొని పెంచుటకు నాడు మనకు ప్రయోగశాలలును కార్ఖానాలును లేకపోవుటయే లోపము. నేడు పైరుపై మందు చల్లుటకు డ్రోనులను పిలిపించు భూస్వాములును, పట్టణములలోని ధనికులును తమ యూరి కళాశాలలో నొక ప్రయోగశాలకు చేయూతనిత్తురేని, బోసు జయంతిని అంతకన్న సార్థకముగా జరుపుట మరి లేదు.