ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

రసాయనశాస్త్రం అనగానే సమీకరణాలు, సంయోజకతలు, కంఠస్థం చేయవలసిన పట్టికలు మాత్రమే స్ఫురించే విద్యార్థులకు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ విద్యార్థిదశ ఆశ్చర్యం కలిగించవచ్చు. భారతదేశంలో ఆధునిక రసాయన పరిశోధనకు పునాది వేసిన ఆ మహనీయుడు ఆ శాస్త్రాన్ని తొలుత కోరి ఎన్నుకొన్నవాడు కాదు. ఆయన మనస్సు సాహిత్యం మీద, చరిత్ర మీద లగ్నమై ఉండేది.

ఆయన 1861 ఆగస్టు 2వ తేదీన వంగదేశంలోని రాడూలి గ్రామంలో జన్మించారు. ఆ గ్రామం నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి హరిశ్చంద్ర రాయ్ జమీందారు, విద్యాభిమాని. కలకత్తాలోని హేర్ స్కూలులో చదువుతుండగా 1874లో తీవ్రమైన జిగట విరేచనాల వ్యాధి సోకి బడి మానవలసి వచ్చింది. ఆ వ్యాధి మిగిల్చిన బలహీనత ఆయనను జీవితాంతం వెన్నాడింది. అయితే ఇంటిపట్టున గడిపిన ఆ రెండేళ్లు వృథా కాలేదు. తండ్రి గ్రంథాలయమే ఆయనకు పాఠశాల అయింది. మహనీయుల జీవితచరిత్రలను ఆయన తనివితీరా చదివారు. పరీక్షల కోసం కాక, తెలుసుకోవాలనే తపనతో చదవడం ఆయనకు అలవడింది అప్పుడే.

తరువాత ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు స్థాపించిన మెట్రోపాలిటన్ విద్యాసంస్థలో ఎఫ్.ఏ. తరగతిలో చేరారు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్ వంటిది. రసాయనశాస్త్ర పాఠాల కోసం ఆయన ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లి వినేవారు. అక్కడ అలెగ్జాండర్ పెడ్లర్ అనే ఆచార్యుడు ప్రయోగాలు చేసి చూపుతూ బోధించేవారు. చూసిన ప్రయోగాన్ని తన చేతులతో చేసి చూడనిదే ప్రఫుల్లచంద్రునికి తృప్తి కలిగేది కాదు. ఒక సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాలను ఏర్పాటు చేసుకొన్నారు. పలుచని రేకులను అతికించి, ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులతో మండే జ్వాలా పరికరాన్ని తయారుచేయించారు. అతుకులు సరిగా లేక వాయువులు కలిసిపోయి ఆ పరికరం పెద్ద శబ్దంతో పేలిపోయింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు. ఈ సాహసం మెచ్చదగినదే గాని అనుసరించదగినది కాదు. ఆ పేలుడు మాత్రం ఆయన ఉత్సాహాన్ని చల్లార్చలేకపోయింది.

1882లో గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనం లభించగా ఆయన స్కాట్లండుకు వెళ్లి, ఎడింబరో విశ్వవిద్యాలయంలో క్రమ్ బ్రౌన్ వద్ద శిష్యరికం చేసి 1887లో డి.ఎస్‌సి. పట్టం పొందారు. స్వదేశానికి తిరిగివచ్చినా, ఉన్నత విద్యాశాఖ పదవులు ఆంగ్లేయులకే దక్కే ఆ రోజులలో దాదాపు ఏడాది పాటు నిరుద్యోగిగానే ఉండవలసి వచ్చింది. చివరకు 1889లో నెలకు 250 రూపాయల వేతనంతో ప్రెసిడెన్సీ కళాశాలలో సహాయ ఆచార్యునిగా చేరారు. అంతటి పట్టభద్రునికి అది అవమానమే. ఆయన ఆ అవమానాన్ని తరగతి గదిలోకి రానీయలేదు.

క్రింది తరగతులకు తానే పాఠం చెప్పాలని ఆయన కోరుకొనేవారు. కొత్తగా శాస్త్రంలో అడుగుపెట్టే బాలుని మనస్సు మెత్తని మట్టి వంటిదని, దానిని మలచడం అనుభవజ్ఞులు చేయవలసిన పని అని ఆయన విశ్వాసం. ఒకనాడు తరగతిలో ఎముకను కాల్చి, మిగిలిన బూడిదను నోట వేసుకొన్నారు. కాలిన తరువాత మిగిలేది కాల్షియం ఫాస్ఫేటు మాత్రమేనని, అది ఏ జంతువు ఎముక అన్న ప్రశ్నకు ఇక అర్థం లేదని ఆయన చూపదలచారు. ఆచారాలు బలంగా ఉన్న ఆ కాలంలో అది సామాన్యమైన పాఠం కాదు.

1896లో ఆయన పాదరసం మీద చల్లని సజల నత్రికామ్లాన్ని ప్రయోగిస్తుండగా ఊహించని రీతిలో పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. క్షార లవణమేమో అని మొదట తోచింది. కాని అంతటి ఆమ్ల ద్రావణంలో క్షార లవణం ఏర్పడడం అసంభవం. తాను కోరినది రాలేదని పారబోసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. ఆయన ఓపికగా పరీక్షించి అది మెర్క్యురస్ నైట్రైట్ అని నిర్ధారించారు. ఆ ఒక్క ద్వారం గుండా నైట్రైట్ల మీద ఎన్నో ఏళ్ల పరిశోధన సాగింది.

స్వదేశీ పరిశ్రమ కోసం స్వల్పమైన సొంత డబ్బుతో ఆయన ప్రారంభించిన బెంగాల్ కెమికల్ సంస్థ 1901లో లిమిటెడ్ కంపెనీగా మారింది. ప్రాచీన భారతీయుల రసాయన విజ్ఞానంపై రెండు సంపుటాల చరిత్ర కూడా రచించారు. బాల్యంలో చరిత్ర మీద కలిగిన మక్కువ అలా ఫలించింది. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ వంటి వారు ఆయన వద్ద చదివినవారే.

1916లో ప్రెసిడెన్సీ కళాశాల నుండి విరమించి విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో చేరారు. అరవయ్యో ఏట నుండి తన వేతనాన్ని విశ్వవిద్యాలయానికే అర్పించారు. అవివాహితుడైన ఆయన ఆ కళాశాల భవనంలోని ఒక గదిలోనే, శిష్యుల మధ్య నివసించారు. 1944 జూన్ 16వ తేదీన ఆ గదిలోనే కన్నుమూశారు.