మొక్కపాటి నరసింహశాస్త్రిగారు - పార్వతీశము

తెలుగున హాస్యరచనకు కొరత లేదు. కాని నవ్వు తీరిన పిదప, ఆ నవ్వించినవానిని తన యింటి పిల్లవానివలె పాఠకుడు తలచుకొనునట్లు చేసిన గ్రంథములు కొలదిగానే యున్నవి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము అట్టి వానిలో మొదట నెన్నదగినది. ఆ నవలలోని ఆర్ద్రత ఎక్కడిదో తెలియుటకు గ్రంథకర్త జీవితమును కొంత పరిశీలింపవలసి యున్నది.

శాస్త్రిగారు 1892వ సంవత్సరమున ఏలూరునకు సమీపముననున్న గుండుగొలను గ్రామమున జన్మించిరి. ఆ కాలమున సీమకు పోవు యువకులకు బారిష్టరు పట్టమన్నను, సివిలు సర్వీసన్నను మోజు మెండు. శాస్త్రిగారు కోరినది వ్యవసాయశాస్త్రము. ఆ విద్యకై వారు స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమునకు పోయిరి. సముద్రయానము, చలి, పరాయి భాష, భోజనపు చిక్కులు వారికి ఒకరు చెప్పగా విన్నవి కావు, స్వయముగా అనుభవించినవి.

సీమకు పోయి వచ్చినవారు యాత్రాచరిత్రలు వ్రాయుట మన దేశమున అప్పటికే వాడుకలో నున్నది. శాస్త్రిగారు ఆ త్రోవ త్రొక్కలేదు. తాము నడచిన దారిని ఒక అమాయకునకు అప్పగించి, అతని నోటనే కథ చెప్పించిరి. 1924లో ప్రథమభాగము వెలువడినది.

పార్వతీశము మొగలితుర్రు యువకుడు. చదువు స్వల్పము, ఊహ అనల్పము. బారిష్టరు కాదలచి, ఇంట చెప్పక, తోడెవ్వరును లేక బయలుదేరును. చెన్నపట్టణమున స్త్రీలు ధరించెడు టోపీని పురుషులదే యనుకొని కొనును. కొలంబో మీదుగా ఓడనెక్కి ఫ్రాన్సు తీరమునకును, అటనుండి ఇంగ్లండునకును చేరును. అడుగడుగునను అతనికి సందేహమే. అడిగినచో నవ్వుదురేమో యని భయము. ఆ భయమును కప్పిపుచ్చుటకై అన్నియు తెలిసినవానివలె గంభీరముగా నుండును. ఈ మూడింటి నడుమనే హాస్యము పుట్టుచున్నది.

ఇంతకు పూర్వమే వెలసిన చిలకమర్తివారి గణపతితో పోల్చినచో భేదము స్పష్టమగును. గణపతి కథను చెప్పువాడు వేరొకడు. పాఠకుడు దూరముగా నిలిచి నవ్వును. పార్వతీశము తన తెలివితక్కువను తానే బయటపెట్టుకొనును. తన లోపమును దాచుకొనని వానిని ఎగతాళి చేయుటకు మనసు రాదు. గ్రంథకర్త పల్లెటూరివానిని పరిహసించెనను ఆక్షేపము ఇచట నిలువదు. ఎడింబరోలో శాస్త్రము నేర్చిన పండితుడు, తానును ఒకనాడు ఆ ఓడపై క్రొత్తవాడనే యను సంగతి మరువక వ్రాసిన గ్రంథమిది.

ద్వితీయ తృతీయ భాగములు చాల కాలమునకు గాని రాలేదు. వానిలో పార్వతీశము చదువు ముగించి, స్వదేశమునకు మరలి, గృహస్థుడై, జాతీయోద్యమమునందును పాల్గొనును. నవ్వుల పాలయిన వాడు క్రమముగా లోకజ్ఞుడగుట ఈ భాగముల విశేషము. 1940లో ఈ కథ లంకా సత్యము నాయకుడుగా చలనచిత్రమై ప్రజలకు మరింత చేరువయ్యెను.

ఇతర భారతీయ భాషల విద్వాంసులకు ఈ నవలను పరిచయము చేయుటకు రాయపూరు నుండి ఒక దారి కలదు. ఆ నగరమున నివసించి, 2025లో దివంగతులైన హిందీ రచయిత వినోద కుమార శుక్లగారును వ్యవసాయశాస్త్రమే చదివినవారు. రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున అధ్యాపకులుగా పనిచేసిరి. 1979లో వెలువడిన వారి నౌకర్ కీ కమీజ్ నవలలో నాయకుడు ఒక చిన్న గుమాస్తా. పై యధికారి యింట నౌకరు తొడుగవలసిన చొక్కా అతని మెడకు చుట్టుకొనును. ఒకరి ప్రభావము మరియొకరిపై కలదని చెప్పుటకు ఆధారము లేదు. అయినను తనది కాని టోపీతో పార్వతీశమును, తనది కాని చొక్కాతో గుమాస్తాయును ఒకే ఆందోళనకు లోనగుచున్నారు. ఒకనికి టోపీ సీమపై మోజువలన వచ్చినది, రెండవవానికి చొక్కా అధికారమువలన వచ్చినది. తులనాత్మక పరిశీలనకు ఇది తగిన విషయము.

శాస్త్రిగారు 1973లో కీర్తిశేషులైరి. వారి నవలలో టోపీ ఘట్టమును, ఓడ ఘట్టమును మాత్రమే చదివి విడుచువారు పెక్కుమంది. అది గ్రంథకర్తకు న్యాయము చేయుట కాదు. మూడు భాగములను వరుసగా చదివినవారికి, భయపడుచునే ముందుకు సాగిన ఒక ఒంటరివాని ధైర్యము గోచరించును. శాస్త్రిగారు తెలుగువారికి విడిచిపోయిన సొత్తులో నవ్వు ఎంత విలువైనదో, ఈ ధైర్యమును అంత విలువైనదే.