తిత్తులతో విమానం కట్టినవాడు – ఎడ్విన్ లింక్

ఆకాశంలో ఎగరాలనే కోరిక మనిషికి ఈనాటిది కాదు. అయితే ఎగరకముందే, నేల మీద కూర్చొని, ప్రాణభయం లేకుండా ఎగరడం నేర్చుకోవచ్చునని లోకానికి నిరూపించిన మనిషి ఒకడున్నాడు. ఆయనే ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్. నేడు కంప్యూటర్ తెర మీద విమానం నడిపే ప్రతి కుర్రవాడూ, తెలిసో తెలియకో, ఆయనకు బాకీ పడ్డవాడే.

ఆయన్ని గురించి రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో నడపడానికి సొంతంగా ఒక విమానం తయారు చేయాలనే సరదా మా తరగతిలో కొందరికి ఉంది. మొదటిసారి చేసేవాడు ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి అన్నదే మాలో వచ్చే వాదన. ఒకడు బ్లెండర్ అంటాడు, ఇంకొకడు ప్లేన్ మేకర్ అంటాడు. వాదన తెగదు, విమానం లేవదు. లింక్ జీవితం చదివాక ఆ ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నాకు తోచింది.

లింక్ 1904 జూలై 26న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, హంటింగ్‌టన్ అనే ఊళ్లో పుట్టాడు. 1910లో ఆయన తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో దివాలా తీసిన ఒక సంగీత వాద్యాల కంపెనీని కొన్నాడు. అదే తరువాత లింక్ పియానో అండ్ ఆర్గన్ కంపెనీ అయింది. వాటంతటవే మోగే పియానోలు, సినిమా హాళ్లకు ఆర్గన్లు అక్కడ తయారయ్యేవి. కుర్ర లింక్ ఆ ఫ్యాక్టరీలోనే పని నేర్చాడు.

మన ఊళ్లలో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించడం చూసినవారికి తిత్తి సంగతి చెప్పనక్కర్లేదు. గాలి నింపితే ఉబ్బుతుంది, లాగేస్తే ముడుచుకుంటుంది. స్వయంగా మోగే పియానోలో చిల్లులు పొడిచిన కాగితపు చుట్ట తిరుగుతూ ఉంటుంది. చిల్లు వచ్చిన చోట గాలి ఆడుతుంది, ఓ చిన్న తిత్తి కదులుతుంది, మీట నొక్కుకుంటుంది. ఈ తిత్తులు, పంపులు, కవాటాలే లింక్‌కు చేతివాటమైన పనిముట్లు. కమ్మరికి కొలిమి ఎలాగో, మా నాన్నకు నాగలి ఎలాగో ఆయనకు అవి అలాగ.

పదహారో ఏట, 1920లో, ఆయన మొదటి విమాన పాఠానికి వెళ్లాడు. యాభై డాలర్లు చెల్లించాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. తీరా చూస్తే పైలట్ గాలిలో మొగ్గలు వేసి చూపించాడే తప్ప కుర్రవాడిని ఒక్కసారి కూడా కర్ర ముట్టుకోనివ్వలేదు. అంత డబ్బు పోసి ఇదా నేర్చుకునే పద్ధతి అన్న ఆలోచన ఆయన్ని వదలలేదు. పొలం మీద బతికే ఇంట్లో పుట్టిన నాకు ఈ ఘట్టం బాగా తగిలింది. మా వంటి ఇళ్లలో పైలట్ చదువు అంటే ఎకరాలు అమ్ముకునే మాటే కదా!

ఆయన ఎలాగో ఎగరడం నేర్చుకున్నాడు. కాని అందరికీ చవగ్గా నేర్పే మార్గం ఏది? 1927 నుంచి 1929 దాకా ఫ్యాక్టరీ నేలమాళిగలో కూర్చొని ఆయన ఒక యంత్రం కట్టాడు. పొట్టి రెక్కలూ తోకా ఉన్న చిన్న పెట్టెను ఒక కీలు మీద నిలిపాడు. అడుగున నాలుగు తిత్తులు బిగించాడు. విద్యుత్ పంపు వాటిలో గాలి లాగుతూ ఉంటుంది. లోపల కూర్చున్నవాడు కర్ర ముందుకు నెడితే కవాటం కదిలి తిత్తి ముడుచుకుంటుంది, పెట్టె ముక్కు కిందికి దిగుతుంది. పక్కకు వంచితే పెట్టె పక్కకు ఒరుగుతుంది. కాళ్ల దగ్గరి పెడల్ తొక్కితే మొత్తం పెట్టె గిర్రున తిరుగుతుంది. చూపుకు అది విమానంలా లేకపోయినా, చేతికి మాత్రం విమానంలాగే ఉండేది. దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు.

విమానాలవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. కొన్నది ఎవరయ్యా అంటే వినోదశాలలవాళ్లు! నాణెం వేసి ఊగే ఆటబొమ్మగా అది జనానికి పరిచయమైంది. ఆర్థిక మాంద్యం రోజులు. బతుకు తెరువు కోసం లింక్ విమానం రెక్కల కింద దీపాలు కట్టి, రాత్రిపూట ఆకాశంలో ప్రకటనలు చూపించాడు. ఆ దీపాలను వెలిగించి ఆర్పిందీ పియానో కాగితపు చుట్టే. 1931లో మేరియన్ క్లేటన్‌ను వివాహమాడాడు. ఆమె ఆయన వ్యాపారంలోనూ, తరువాతి సాహసాల్లోనూ తోడుగా నిలిచింది.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం ప్రైవేటు కంపెనీల నుంచి విమాన తపాలా పనిని తీసి సైన్యానికి అప్పగించింది. మంచు, మబ్బు, చీకటి. ఆ సైనిక పైలట్లలో చాలామందికి కేవలం పరికరాల ముళ్లను చూసి నడపడంలో తగినంత తర్ఫీదు లేదు. మబ్బులో ఉన్నప్పుడు మన చెవిలోని సమతౌల్య అవయవం మనల్ని మోసం చేస్తుంది. విమానం నిదానంగా వంపు తిరుగుతున్నా తిన్నగానే పోతున్నట్టు అనిపిస్తుంది. కొద్ది నెలల్లోనే డజను మందికి పైగా చనిపోయారు.

అప్పుడు సైన్యానికి ఆ ఆటబొమ్మ గుర్తుకొచ్చింది. లింక్‌ను న్యూవార్క్ రమ్మన్నారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఈ వాతావరణంలో ఇక రాడులే అని అధికారులు లేవబోతుండగా, మంచులోంచి ఆయన విమానం దిగింది. పరికరాలను నమ్మి ఎగరడం ఎంత అవసరమో మాటలతో చెప్పే పని లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది. పైకప్పు మూసేస్తే లోపలివాడికి ముళ్లు తప్ప మరేమీ కనిపించవు. తప్పు చేస్తే పాఠం వస్తుంది గాని ప్రాణం పోదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇటువంటి నీలి పెట్టెలు పదివేలకు పైగా తయారయ్యాయి. సుమారు ఐదు లక్షల మంది వాటిలో తర్ఫీదు పొందారు.

1954లో కంపెనీని అమ్మేసి లింక్ సముద్రం వైపు తిరిగాడు. మనిషి నీటి అడుగున ఎక్కువసేపు ఉండే సాధనాలు తయారు చేశాడు. 1973లో ఆయన రూపొందించిన జలాంతర వాహనం ఫ్లోరిడా దగ్గర మునిగిన ఓడ శిథిలాల్లో చిక్కుకుని, అందులో ఉన్న నలుగురిలో ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు ఆయన కొడుకే. ఆ దుఃఖంలోనూ ఆయన పని మానలేదు. అలా చిక్కుకున్నవారిని కాపాడే పరికరం మీద కృషి చేశాడు. 1981 సెప్టెంబర్ 7న కన్నుమూశాడు.

ఇక మా వాదన సంగతి. సిమ్యులేటర్‌లో విమానం చేయడమంటే రెండు పనులు: రూపం ఒకటి, నడక ఒకటి. ఎక్స్-ప్లేన్‌తో వచ్చే ప్లేన్ మేకర్‌లో రెక్క పొడవు, వెడల్పు, బరువు, ఇంజను శక్తి అంకెల్లో ఇస్తే చాలు. ఆ సిమ్యులేటర్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా లెక్కించి, ఒక్కో ముక్క మీద పడే బలాన్ని బట్టి విమానాన్ని నడిపిస్తుంది. లెక్కలంటే ఇష్టమున్నవాడికి అదే దగ్గర దారి. బొమ్మ గీసే చెయ్యి ఉన్నవాడికి ఏసీ3డి నయం. మీటలు తక్కువ, దాని ఫైళ్లను ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ నేరుగా చదువుతుంది. బ్లెండర్ కూడా ఉచితమే, దానితో చేయలేని రూపమంటూ దాదాపు లేదు. కాని అది మహావృక్షం, ఎక్కడానికి ఓపిక కావాలి. నా మట్టుకు నేను అడగమనేవి మూడే ప్రశ్నలు. నాకు ఇప్పటికే వచ్చిన విద్యకు ఏది దగ్గర? నా సిమ్యులేటర్ దేన్ని చదవగలదు? నాకున్న పాత కంప్యూటర్ దేన్ని మోయగలదు?

లింక్ గొప్ప పనిముట్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. తన చేతికి అలవాటైన తిత్తితోనే మొదలుపెట్టాడు. ముందు నడక కుదిరింది, సొగసు తరువాత వచ్చింది. మంచి పనిముట్టు దొరికేదాకా ఆగితే అదును దాటిపోతుందని సేద్యం చేసేవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మిత్రులారా, మొదటి విమానం పెట్టెలా ఉన్నా ఫరవాలేదు. అది లేస్తే చాలు.