పాల్ బెర్ట్

పాల్ బెర్ట్ (1833 - 1886) ఫ్రాన్సు దేశానికి చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. ఎత్తైన ప్రదేశాలలో కలిగే అస్వస్థతకు ప్రాణవాయువు కొరతే మూలకారణమని ప్రయోగాల ద్వారా నిరూపించాడు.

జీవితం

ఈయన ఓసేర్ పట్టణంలో జన్మించాడు. ప్రసిద్ధ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ వద్ద శిష్యరికం చేసి, 1869లో సోర్బాన్‌లో ఆచార్యుడయ్యాడు. 1881-82లో విద్యాశాఖ మంత్రిగా పనిచేశాడు. 1886లో హనోయిలో మరణించాడు.

పరిశోధనలు

ఎత్తుకు వెళ్ళినా గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతమే ఉంటుంది. కాని వాయుపీడనం తగ్గడం వలన రక్తానికి చాలినంత అందదు. బెర్ట్ పీడనం తగ్గించిన గదిలో తానే కూర్చుని, అస్వస్థత కలిగినపుడు ప్రాణవాయువు పీల్చి తేరుకున్నాడు.

జెనిత్ దుర్ఘటన

1875 ఏప్రిల్ 15న జెనిత్ అనే బెలూనులో ముగ్గురు 8,000 మీటర్లకు పైగా ఎగిరారు. వారు తీసుకువెళ్ళే ప్రాణవాయువు చాలదని బెర్ట్ రాసిన హెచ్చరిక లేఖ సకాలంలో చేరలేదు. పైకి వెళ్ళాక ముగ్గురూ స్పృహ తప్పారు. క్రోచె-స్పినెల్లి, సివెల్ మరణించగా, టిసాందియే ఒక్కడే బ్రతికాడు.

ప్రాముఖ్యత

వాయుపీడనంపై ఈయన గ్రంథం 1878లో వెలువడింది. నేటి పర్వతారోహకులు పాటించే జాగ్రత్తలకు ఈ పరిశోధనలే పునాది. సుమారు 2,500 మీటర్లు దాటిన తరువాత శరీరం అలవాటుపడేలా నెమ్మదిగా ఎక్కాలి. తలనొప్పి, వికారం కలిగితే అక్కడే ఆగాలి. అవి ముదిరితే వెంటనే క్రిందికి దిగాలి.